తలలు వంచిన ధైర్యం

హెల్యా గారి ధైర్య బృందంలో మొదటి నియమం, మాట్లాడేవాళ్ళ ముఖం చూడకూడదు. రెండోది, ప్రశ్న వేయకూడదు. మూడోది, చప్పట్లు కొట్టకూడదు. అంతగా మెచ్చుకోవాలనిపిస్తే రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడించాలి, అదీ చప్పుడు కాకుండా. తప్పులు దిద్దడం అన్న మాటే లేదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆ గదిలో జరిగేదేమిటయ్యా అంటే, స్వీడిష్‌లో నలుగురి ముందు నోరు విప్పలేని విద్యార్థులకు భయం పోగొట్టడం.

యొయెన్సూ లాంటి తూర్పు ఊళ్ళో స్వీడిష్ వినాలంటే రేడియో పెట్టుకోవాలి. అయినా సరే, అది మా దేశపు రెండో అధికార భాష కాబట్టి, డిగ్రీ చేతికి రావాలంటే ఆ భాషలో పరీక్ష నెగ్గాల్సిందే. రాసే పరీక్ష ఎలాగోలా అందరూ రాసేస్తారు. నోటి పరీక్ష అనేసరికి కాలేజీలో సగం మందికి జ్వరాలు. సొంత భాషలోనే పక్కింటివాడితో మాట్లాడాల్సొస్తుందేమోనని మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగేదాకా తలుపు తీయని జనం మేం. అలాంటివాళ్ళని పరాయి భాషలో, నిలబడి, ఐదు నిమిషాలు మాట్లాడమంటే ఏమవుతుంది? ఒకతను డాక్టరు కాగితం తెచ్చాడు. ఇంకొకతను ప్రసంగం ఇంట్లోనే వీడియో తీసి పంపుతానని బతిమాలుకుని, ఒప్పుకున్నాక నిజంగానే పంపాడు. ఐదు నిమిషాలూ అందులో కనిపించింది వాడి పిల్లి.

వెర్నా ఆ మాత్రం తెలివి కూడా చూపించలేకపోయింది. మొదటిసారి లేచి వెళ్ళి, అందరికీ నమస్కారం చెప్పి, వెంటనే ధన్యవాదాలు చెప్పి, కోటు తీసుకుని వెళ్ళిపోయింది. రెండోసారి పరీక్ష గది దాకా కూడా రాలేదు, బాత్రూములో వాంతులు చేసుకుంటూ ఉండిపోయింది. చదువులో మాత్రం చురుకైన పిల్ల. నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి చదివింది. పడమటి తీరంలో కొక్కొల పట్టణపు నీటి శాఖవాళ్ళు ఆమెకి ఉద్యోగం ఖాయం చేశారు. అక్కడ స్వీడిష్ మాట్లాడే ఇళ్ళు బోలెడున్నాయి. వాళ్ళ వాకిళ్ళలోకి వెళ్ళి, వాళ్ళ మురుగు తొట్ల గురించి వాళ్ళ భాషలోనే చెప్పి ఒప్పించడం ఆమె పని.

ఆ శాఖ పెద్ద ఫోను చేసి మొహమాటం లేకుండా చెప్పాడు. "చూడమ్మా, మే నెలాఖరుకి నువ్వు స్వీడిష్ నెగ్గినట్టు కాలేజీ నుంచి మాకు కబురు రావాలి. రాకపోతే రెండో అమ్మాయిని పిలుస్తాం. ఆ పిల్ల ఇక్కడిదే, స్వీడిష్‌లోనే ఏడ్చి స్వీడిష్‌లోనే నవ్వుతుంది."

అలా వెర్నా చలికాలం మొదట్లో ధైర్య బృందంలో చేరింది.

కాలేజీలో పాఠాలు చెప్పే హెల్యా గారు ఎక్కడో వారాంతపు శిక్షణకి వెళ్ళొచ్చి ధైర్యంలో నిపుణురాలు అయిపోయింది. గదిలో పెద్ద లైట్లు ఆర్పించి మూలన చిన్న దీపం పెట్టేది. అందరికీ తలో దుప్పటి ఇచ్చేది. తలో గులకరాయి కూడా ఇచ్చి, "భయం వేసినప్పుడు దాన్ని ఈ రాయిలోకి పంపించెయ్యండి" అనేది. చలికాలం అయ్యేసరికి ఆ రాళ్ళు ఎంత భయం మోస్తున్నాయో ఆవిడకే తెలియాలి. ఆవిడ మాత్రం ఒక్కనాడూ విద్యార్థుల ముందు స్వీడిష్ మాట్లాడలేదు. నేను మాట్లాడితే మీరు నాతో పోల్చుకుని కుంగిపోతారు అనేది. ఆ మాట నమ్మారు పాపం అందరూ.

మా కాలేజీల్లో పాఠం వింటూ మేజోళ్ళు అల్లుకోవడం మామూలే. ఎవరూ తప్పు పట్టరు. హెల్యా గారు ఆ అలవాటునే చికిత్సగా మార్చేసింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళందరూ సూదుల మీదకి తలలు వంచి అల్లుకోవాలి. అందరి కళ్ళూ తమమీద లేవని తెలిస్తే మాట్లాడేవాళ్ళకి భయం ఉండదట. నిజమే, ఉండలేదు. వెర్నా మొదటి వారం రెండు వాక్యాలు చెప్పింది. క్రిస్మస్‌కి ఒక నిమిషం, మంచు కరగడం మొదలయ్యేసరికి ఐదు నిమిషాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. బృందంలో అందరి నడినెత్తులూ ఆమెకి పాఠమైపోయాయి. ఇల్మరికి రెండు సుడులు. పిన్యా జుట్టుకి ఎర్ర రంగు వేస్తుంది గానీ మొదళ్ళు చూసుకోదు. నడినెత్తులతో మాట్లాడటం వచ్చేస్తే మనుషులతో మాట్లాడటం వచ్చేసినట్టేనని వెర్నా నిశ్చయించుకుంది. చదువుకున్న పిల్లకి ఆ మాత్రం అనుమానం రాలేదు చూడండి.

ఇల్మరి అడవుల చదువు చదివేవాడు. బృందంలో వెర్నాకి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. చేరిన మొదటిరోజు ఆమె బాత్రూములోకి పరుగెత్తితే, బయట ఆమె కోటూ కాఫీ ఫ్లాస్కూ పట్టుకుని నిలబడింది వాడే.

"అయిందా?" అన్నాడు ఆమె బయటికి రాగానే.

"అయింది. ఇంక లోపలేం మిగల్లేదు."

"మంచిదే. నేను పొద్దున్నే కానిచ్చేసి వచ్చా. అలవాటైపోయింది నాకు."

అప్పట్నుంచి ప్రతివారం తలుపు దాకా కలిసే వచ్చేవాళ్ళు. వెర్నా అక్కడ ఆగిపోతే వాడు తన గులకరాయి కూడా ఇచ్చేవాడు. రెండు రాళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళేది. అంతకంటే ఎక్కువ ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు. మా దగ్గర స్నేహానికి అది చాలు.

పరీక్షకి ముందు వారం వెర్నాకి ఒక సందేహం వచ్చింది. "హెల్యా గారూ, చెప్పడం అయ్యాక వినేవాళ్ళు ప్రశ్నలు వేస్తారటగా? మనం అదేం నేర్చుకోలేదే?"

హెల్యా గారు దుప్పట్లు మడతపెడుతూ హాయిగా నవ్వింది. "ఎవరు వేస్తారమ్మా ప్రశ్నలు? ప్రశ్నలున్నాయా అని అడిగితే ఈ దేశంలో ఎవరైనా నోరు తెరవగా చూశావా నువ్వు?"

అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎన్నడూ చూడలేదు.

పరీక్ష పెట్టడానికి తీరం నుంచి గున్నెల్ అనే ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. గదిలోకి రావడానికి ముందే వసారాలోంచి ఆవిడ మాట్లాడటం వినిపించింది. రాగానే లైట్లన్నీ వేయించింది. దుప్పట్లు చూసి, "ఏం, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అంది. హెల్యా గారు ఇది సురక్షిత వలయమనీ, వీళ్ళంతా సున్నితమైన పిల్లలనీ ఏదో చెప్పబోయింది. గున్నెల్ వినకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పద్ధతి చెప్తా, వినండి. ఒకళ్ళు ఐదు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత వినేవాళ్ళలో ఒకళ్ళు స్వీడిష్‌లో ఒక ప్రశ్న వెయ్యాలి. దానికి జవాబు చెప్పాలి. ప్రశ్న రాకపోతే పరీక్ష సగమే అయినట్టు. నేను మాత్రం అడగను. నేనడిగితే అది ఇంకో పరీక్ష అవుతుంది, మీరు అడిగితే మాటామంతీ అవుతుంది."

హెల్యా గారి ముఖం పాలిపోయింది. "మరీ అంత కచ్చితంగా..."

"వినేవాళ్ళు లేకపోతే అది ప్రసంగం కాదండీ, గొణుగుడు. గొణుగుడుకి మార్కులెయ్యను. ఊఁ, మొదట ఎవరు?"

మొదట ఇల్మరి లేచాడు. రోడ్డు మీద కారు గుద్దేసిన దుప్పి గురించి మాట్లాడాడు. అర్ధరాత్రి పోలీసులు ఫోను చేస్తే ఊరి వేటగాళ్ళు కుక్కలతో వెళ్ళి, గాయపడి అడవిలోకి పారిపోయిన దుప్పిని వెతికి, ఇక బతకదనుకుంటే కాల్చి, దాని బాధ తప్పించాలి. ఇల్మరి వాళ్ళ నాన్నతో కలిసి ఆ పనికి వెళ్తుంటాడు. భాషలో తప్పులున్నాయి గానీ చెప్పింది బాగుంది. ఎముకలు కొరికే చలిలో రక్తపు జాడ పట్టుకుని నడవడం చెప్తుంటే వెర్నా సూదులు కాసేపు ఆగిపోయాయి కూడా.

"ప్రశ్నలు?" అంది గున్నెల్.

గదిలో సూదుల చప్పుడు తప్ప ఏమీ లేదు. తలలన్నీ ఇంకాస్త కిందికి వంగాయి. అందరూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. ఇల్మరి అటూ ఇటూ చూసి, తన బూట్లు చూసుకుని, మళ్ళీ అటూ ఇటూ చూశాడు.

వెర్నా దగ్గర ప్రశ్న ఉంది. ఆ గదిలో అందరి దగ్గరా అదే ప్రశ్న ఉండి ఉంటుంది. అంత పెద్ద దుప్పిని కాల్చాక ఆ మాంసం ఎవరికి పోతుంది? స్వీడిష్‌లో వాక్యం కూడా కుదిరిపోయింది ఆమె నాలుక చివర. అడిగితే చాలు, ఇల్మరి గట్టెక్కుతాడు. కానీ అడగాలంటే తల ఎత్తాలి. తల ఎత్తితే అందరూ తనవైపు చూస్తారు. తర్వాత వంతు తనదే, ఉన్న కాస్త ధైర్యం ఇప్పుడే ఖర్చయిపోతే ఎలా? ఇంకెవరో అడుగుతారులే. అయినా మాట్లాడేవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదనే కదా నియమం. ఇలా వెర్నా తన పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకుని, మేజోడు మడమ దగ్గర కుట్లు తగ్గించడంలో మునిగిపోయింది.

గున్నెల్ చాలాసేపు ఎదురుచూసింది. ఆఖరికి పెన్ను తీసింది. "సగమే అయింది బాబూ. ఆగస్టులో మళ్ళీ రా."

ఇల్మరి వచ్చి కూర్చున్నాడు. హెల్యా గారు వాడివైపు రెండు చేతులూ ఎత్తి గాలిలో ఆడించింది. మిగతావాళ్ళూ ఆడించారు. వాడు తన సూదులు తీసుకుని అల్లుకోవడం మొదలెట్టాడు. వాడి ముఖంలో కోపం అన్నది ఇసుమంతైనా లేదు. అదే వెర్నాకి గుచ్చుకుంది.

"తర్వాత?" అంది గున్నెల్.

వెర్నా లేచి వెళ్ళింది. ఎదురుగా నడినెత్తులు కనిపించగానే ధైర్యం వచ్చింది. మరుగుదొడ్డిలో వేయకూడని వాటి గురించి మాట్లాడింది. తడి తుడుపు గుడ్డలు, కాఫీ పిప్పి, అన్నింటికంటే ఘోరంగా క్రిస్మస్ పందిమాంసం వేయించాక మిగిలే కొవ్వు. వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలా పోస్తారు, గొట్టంలోకి వెళ్ళాక అది సబ్బు బిళ్ళలా గడ్డకడుతుంది. పండగ మర్నాడు ఊరంతా మురుగు వెనక్కి తంతుంది. ఎక్కడా తడబడలేదు. ఐదు నిమిషాలూ అయ్యేసరికి ఆమెకే ఆశ్చర్యం వేసింది. గున్నెల్ కూడా రెండుసార్లు తలాడించింది.

"బాగా చెప్పావు. ఇప్పుడు ప్రశ్నలు?"

సూదులు టకటకలాడాయి.

వెర్నా కళ్ళు ఎర్ర జుట్టు మీద పడ్డాయి, అక్కడి నుంచి పక్కకి, ఆ పక్కకి. ఒక్కరూ తలెత్తలేదు. కొక్కొలలో తనకోసం ఉంచిన బల్ల, కుర్చీ, వాటి పక్కన కిటికీ, అన్నీ ఆ స్వీడిష్ పిల్లవైపు జరుగుతున్నట్టు అనిపించింది. ఇల్మరివైపు చూసింది.

అప్పుడు ఇల్మరి తలెత్తాడు. చలికాలమంతా పక్కనే కూర్చున్నా ఆమె మాట్లాడేటప్పుడు వాడి ముఖం చూడటం అదే మొదటిసారి. వాడు చిన్నగా నవ్వాడు. నీకెందుకు ఇబ్బంది, నేను చూడనులే అన్నట్టు మెల్లిగా తల దించేసుకున్నాడు. కక్షతో కాదు. ప్రేమతోనే దించుకున్నాడు. వాళ్ళకి నేర్పిన దయ అదే మరి. కాసేపటి క్రితం తను వాడిపట్ల చూపించిన దయ కూడా అదే.

వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. హెల్యా గారి మీద, రాళ్ళ మీద, దుప్పట్ల మీద, ఆ అల్లికల మీద, అన్నిటికంటే ఎక్కువగా తన మీద.

"ఇల్మరీ," అంది స్వీడిష్‌లో. "ఆ దుప్పి. కాల్చిన తర్వాత. మాంసం ఎవరికి పోతుంది?"

సూదులన్నీ ఒక్కసారి ఆగాయి. ఇల్మరి ఉలిక్కిపడి లేచాడు. ఊలు ఉండ కింద పడి బల్లకిందికి దొర్లిపోయింది.

"అది... వేలం వేస్తారు," అన్నాడు. "పాడవకపోతే. కొన్నిసార్లు గుద్దినప్పుడు లోపల మొత్తం చితికిపోతుంది, అప్పుడు కుక్కలకి కూడా పనికిరాదు. ఒకసారి మా నాన్న ఒక కాలు కొన్నాడు. అమ్మ తిననంది. దాని ముఖం నీకింకా గుర్తుండే ఉంటుంది కదరా, నాకొద్దు అంది."

గున్నెల్ పెద్దగా నవ్వింది. "పరీక్ష ఇంకా ముగియలేదు కదా. ప్రశ్న వచ్చింది, జవాబు వచ్చింది. నువ్వు నెగ్గావు బాబూ, కూర్చో." తర్వాత వెర్నావైపు తిరిగింది. "నీకు మాత్రం ప్రశ్న ఇంకా రాలేదమ్మా."

"గున్నెల్, ఇలా బలవంతం చేస్తే మా వలయం..." అంటూ హెల్యా గారు లేవబోయింది.

"మీ వలయం మంచి వెచ్చగా ఉందండీ. అందరూ నిద్రపోతున్నారు."

ఇక ఇల్మరికి ఏ సాకూ లేదు. పరీక్ష అయిపోయింది, నెగ్గాడు. నెగ్గించిన మనిషే ఎదురుగా నిలబడి ఉంది. వాడేం చేశాడో తెలుసా? వెర్నాకి కృతజ్ఞతగా రెండు చేతులూ పైకెత్తి ఆడించాడు. ఆడించి, బల్లకింద దూరి ఊలు ఉండ తీసుకుని, మళ్ళీ తల వంచుకున్నాడు.

"ఒరేయ్!" అంది వెర్నా సొంత భాషలో.

వాడు తలెత్తలేదు.

"సరే. నాకేం తొందర లేదు," అంది. గోడ పక్కనున్న కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి గది మధ్యలో వేసింది. వాళ్ళకి ఎదురుగా కూర్చుని, చేతులు కట్టుకుని చూడటం మొదలెట్టింది. ఒక్కొక్కరినీ. తొందరపడకుండా.

చూపు బరువు ఏమిటో వాళ్ళకి అప్పుడు తెలిసింది. మొదట చెవులు ఎర్రబడ్డాయి. పిన్యా ఒక కుట్టు జారవిడిచి, పట్టుకోబోయి ఇంకోటి జారవిడిచింది. వెనక వరసలో ఎవరో గులకరాయి గట్టిగా పిసుకుతున్నారు. ఒకడు దుప్పటి ముక్కు దాకా లాక్కున్నాడు. హెల్యా గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, తను నేర్పించే శ్వాస ఏదో తీసుకుంటోంది. గున్నెల్ ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసుకుంది. ఆ మనిషికి ఎంతసేపైనా పర్వాలేదు.

వెర్నా తల దించలేదు. దించితే కొక్కొల పోతుంది.

చివరికి ఇల్మరే ఆగలేకపోయాడు. తలెత్తకుండానే, మేజోడుతో మాట్లాడుతున్నట్టు, స్వీడిష్‌లో గొణిగాడు.

"ఎంతసేపు... నువ్వు ఇలా... చూస్తూ ఉంటావు?"

గున్నెల్ కప్పు దించింది. "మేజోడుని అడుగుతున్నావా, ఆ పిల్లని అడుగుతున్నావా?"

ఇల్మరి తలెత్తాడు. ముఖమంతా చెమట. వెర్నా కళ్ళలోకి చూసి మళ్ళీ మొత్తం అడిగాడు, ఈసారి కాస్త గట్టిగా. "ఎంతసేపు నువ్వు ఇలా చూస్తూ ఉంటావు?"

"మీలో ఒక్కళ్ళు నన్ను చూసేదాకా," అంది వెర్నా స్వీడిష్‌లో. "చలికాలమంతా మీ ముందు మాట్లాడాను. ఒక్కళ్ళూ వినలేదు. నేనూ మీరు చెప్పింది వినలేదు. నేను మీ పేర్లకంటే మీ జుట్టు బాగా గుర్తుపడతాను. నాకు సిగ్గుగా ఉంది."

క్రియ ఒకటి తప్పు చోట పడింది. గున్నెల్ పట్టించుకోలేదు. పెన్ను తీసి రాసింది. "నెగ్గావు. కుర్చీ అక్కడే ఉంచు, పనికొస్తుంది. తర్వాత ఎవరు?"

తర్వాత పిన్యా. లేచి, దారిలో వెర్నా పక్కన ఆగి, ఏడుపు గొంతుతో చెవిలో అంది. "ఒసేయ్, నన్నేమీ అడక్కే. నీ కాళ్ళు పట్టుకుంటా. నా వల్ల కాదే."

"అడుగుతా," అంది వెర్నా. "ఏడ్చినా అడుగుతా. నువ్వు వెళ్ళి నిలబడు."